నంది కొండకి ఇంటి నుంచే తొక్కాలా, దేవనహళ్ళి దాకా కారులో వెళ్ళాలా?

యెలహంక వాసి:

చలికాలం వచ్చిందంటే మన బెంగళూరు తెలుగు సైక్లిస్టుల మధ్య ఇదే వాదన. నంది కొండ ఊరి నుంచి ఒక వైపు దాదాపు 60 కిలోమీటర్లు. ఇంటి గుమ్మం దగ్గర పెడల్ మీద కాలు పెట్టి, కొండెక్కి, మళ్ళీ అదే గుమ్మం ముందు దిగితేనే "నంది కొట్టాను" అనాలని కొందరి పట్టు. నా మాట వేరు. దేవనహళ్ళి దాకా సైకిల్‌ని కారులో తీసుకెళ్ళండి. అక్కడి నుంచి సాయంత్రం దాకా తొక్కండి.

మొదటి కారణం హైవే. తెల్లవారుజామున హెబ్బాళ దాటాక విమానాశ్రయానికి పరుగెత్తే క్యాబ్‌లు, రాత్రంతా నిద్ర లేని డ్రైవర్లు. సర్వీస్ రోడ్డు పట్టుకుందామంటే అది మధ్యమధ్యలో మెయిన్ రోడ్డులో కలుస్తుంది, ఆ కలిసే చోటే ప్రమాదం. రెండేళ్ళ కిందట నా ముందు వెళ్తున్న మిత్రుడికి ఒక క్యాబ్ అద్దం తగిలి పడిపోయాడు. కాలర్ బోన్ విరిగింది. వెనక లైటు వెలుగుతూనే ఉంది, మెరిసే జాకెట్ వేసుకునే ఉన్నాడు. మనిషి తప్పేమీ లేదు. రోడ్డు పక్కన అతని తల ఒళ్ళో పెట్టుకుని అంబులెన్స్ కోసం కూర్చున్న ఆ అరగంట నాకు ఇంకా గుర్తొస్తూనే ఉంటుంది.

రెండో కారణం ఆ నేల. దేవనహళ్ళి కోట 1501లో మల్ల బైరె గౌడ కట్టించిన మట్టి కోట. తర్వాత హైదర్ అలీ, టిప్పు కాలంలో రాతి కోట అయింది. టిప్పు పుట్టింది ఆ ఊళ్ళోనే. 1791లో బ్రిటిష్ జనరల్ కార్న్‌వాలిస్ సైన్యం ఈ కోటనీ, అదే ఏడాది అక్టోబరులో నంది కొండ మీది కోట నంది దుర్గాన్నీ పట్టుకుంది. అంటే మనం ఒక పూటలో తొక్కే దారి, మూడో మైసూరు యుద్ధం నడిచిన దారి. అక్కడి నుంచి ముద్దేనహళ్ళి. విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ఊరు, ఆయన సమాధి కూడా అక్కడే. 1908 మూసీ వరద తర్వాత హైదరాబాదుని కాపాడే పథకం వేసింది ఆయనే. వాళ్ళ పూర్వీకులది మన ప్రకాశం వైపు మోక్షగుండం. ముద్దేనహళ్ళిని తల తిప్పి చూడకుండా దాటిపోయే రైడర్లని ప్రతి వారం చూస్తున్నాను. ఎందుకు ఆగరంటే, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరాలి కదా అంటారు. ఇంటి నుంచి తొక్కితే ఇవన్నీ చూడడానికి రోజు చాలదు.

పాత గేరు:

అన్నా, మీ మిత్రుడికి జరిగింది విని బాధేసింది. హైవే గురించి మీ మాట కాదనను. కానీ దానికి మందు కారు కాదు, దారి మార్చడం. యెలహంక నుంచి రాజానుకుంటె, దొడ్డబళ్ళాపుర మీదుగా రండి. కొంచెం దూరం ఎక్కువే. కానీ విమానాశ్రయం వైపు తిరిగే క్యాబ్‌లు ఉండవు.

ఇక రోజు చాలదన్న మాట ఒప్పుకోను. ఆడాక్స్, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, 200 కిలోమీటర్లకి ఇచ్చే గడువు పదమూడున్నర గంటలు. మన నంది రానుపోను 120, దొడ్డబళ్ళాపుర మీదుగా అయితే ఇంకొంచెం. అయిదింటికి బయలుదేరితే నంది గ్రామంలో గుడి చూసి, కోట చూసి, భోజనం చేసి కూడా చీకటి పడేలోపు ఇంట్లో ఉండొచ్చు. టైమ్ చాలకపోవడానికి కారణం దూరం కాదు, మన తొందర.

నాకు ఇంటి నుంచే తొక్కడం ఎందుకు ముఖ్యమో చెప్తాను. బెంగళూరు ఉన్నది సుమారు 900 మీటర్ల ఎత్తులో, నంది శిఖరం 1,478 మీటర్లు. ఊరు పలచబడుతూ రావడం, అపార్ట్‌మెంట్లు పోయి ద్రాక్ష పందిళ్ళు మొదలవడం, దూరంగా కొండ ముందు మేఘంలా కనిపించి తర్వాత రాయిలా గట్టిపడడం, ఇవన్నీ కాళ్ళతో తెలుసుకోవాలి. కారు అద్దంలోంచి చూస్తే ఆ కొండ ఒక పార్కింగ్ స్థలం అయిపోతుంది. శని, ఆదివారాల్లో కొండ కింద కార్ల వరస చూశారుగా, అందులో ఇంకోటి కలపడం నాకు మనసొప్పదు.

నెల్లూరు పెన్నా:

నాకు కారే లేదండీ, అందుకే నా ఓటు ఇంటి నుంచి తొక్కడానికే. కానీ ఒక మాట చెప్పాలి. నేను పెన్నా ఒడ్డున పెరిగాను. మా ఊళ్ళో ఆ ఇసుక, ఆ వెడల్పు చూసి, ఇది ఎక్కడో పెద్ద అడవుల్లో పుట్టి ఉంటుందనుకునేవాణ్ణి. ఈ నంది కొండల్లోని చెన్నకేశవ బెట్టలో పుట్టి, అనంతపురం, కడప దాటి మా ఊరికి వస్తుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. మొదటిసారి అద్దె సైకిల్ మీద ఆ కొండ పాదం దగ్గరికి చేరినప్పుడు దిగి, ఆ మట్టి తాకి, అమ్మకి ఫోన్ చేశాను. టీ కొట్టాయన నా ఫోన్ మాటలు విని తెలుగులోనే పలకరించాడు. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి వైపు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఎంతమందో! ఇంటి నుంచి తొక్కినా, కారులో వచ్చినా, ఆ టీ కొట్టు దగ్గర మాత్రం ఆగండి.

తొమ్మిదో గేరు:

ఇద్దరి వాదనలోనూ మోకాళ్ళ సంగతి రాలేదు. కొండెక్కే దారి ఏడెనిమిది కిలోమీటర్లు, అసలు పరీక్ష చివర్లో. ముందు చైన్‌రింగ్‌కి (పెడల్ దగ్గరి పళ్ళ చక్రం) 34 పళ్ళు, వెనక పెద్ద గేరుకి 34 పళ్ళు అనుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు, అంటే సుమారు 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. అదే ముందు 39, వెనక 25 అయితే, 60 చుట్లు తిప్పాలంటే గంటకి దాదాపు 12 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ ఏటవాలులో అంత వేగం మనలో ఎందరికి వస్తుంది? రాకపోతే చుట్లు తగ్గుతాయి, భారమంతా మోకాలి మీద పడుతుంది. గేరు సరిగ్గా లేనివాళ్ళు 60 కిలోమీటర్లు తొక్కొచ్చి ఆ కొండ మీద పడితే ఆరు వారాలు మంచమే. నాకు అలాగే అయింది. అందుకే కొత్తవాళ్ళకి యెలహంక వాసి గారి మాటే మంచిది.

దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే కూర్చోవద్దు, రిమ్ వేడెక్కుతుంది. మలుపుకి ముందే గట్టిగా పట్టి వదలండి. కోతులు దాటుతుంటాయి. పొద్దున మంచుకి రోడ్డు తడిగా ఉంటుంది.

యెలహంక వాసి:

పాత గేరు గారూ, దొడ్డబళ్ళాపుర దారిలో నేను చీకట్లో వెళ్ళలేదు, పగలే వెళ్ళాను. లారీలు ఉంటాయి, కానీ క్యాబ్‌ల వేగం ఉండదు, అది నిజమే. తొందర మనదే అన్న మాట నాకు గట్టిగా తగిలింది. నేను కారు ఎక్కించేది భయంతో. ఆ రోజు తర్వాత హెబ్బాళ ఫ్లైఓవర్ చూస్తేనే చేతులు చల్లబడతాయి. దాన్ని చరిత్ర పేరుతో కప్పుకోవడం సరికాదు.

అయినా ఒక షరతు. మీరు ఇంటి నుంచి తొక్కండి, కానీ నంది గ్రామంలో భోగ నందీశ్వరుడి గుడి దగ్గర గంట ఆగాలి. తొమ్మిదో శతాబ్దంలో నొళంబుల కాలంలో మొదలై, చోళులు, హొయసలులు, విజయనగరం వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పెంచుకుంటూ పోయిన గుడి అది. నాలుగు వైపులా మెట్లు దిగే ఆ కోనేటి దగ్గర కూర్చుంటే కాళ్ళ మంట దానంతట అదే చల్లారుతుంది. మన గుంపు ఫొటోల్లో నాలుగేళ్ళుగా కొండ మీది బోర్డు తప్ప ఆ కోనేరు ఒక్కసారి కూడా లేదు.

పాత గేరు:

గంట కాదు, రెండు గంటలు. ఆదివారం ఉదయం అయిదున్నరకి యెలహంక పాత బస్టాండ్ దగ్గర ఉంటాను, రాజానుకుంటె దారే. తెల్లారాకే లారీ రోడ్డు ఎక్కుదాం, అలా అయితే మీరూ ఇంటి నుంచే రావచ్చు. మీ ముందు నేను తొక్కుతాను, వెనక పెన్నా గారు ఉంటారు. తొమ్మిదో గేరు గారూ, మీ దగ్గర 34 పళ్ళ క్యాసెట్ (వెనక చక్రం గేర్ల సెట్) అదనంగా ఉంటే పెన్నా గారి సైకిల్‌కి సరిపోతుందేమో శనివారమే చూడండి.

నెల్లూరు పెన్నా:

ఈసారి అద్దె సైకిల్ కాదండీ, సొంతం కొన్నాను. వెనక 28 పళ్ళే ఉన్నాయి. శనివారం పొద్దున తీసుకొస్తాను.