మేస్త్రీలకి సేఫ్టీ లీడర్‌షిప్ ట్రైనింగ్ తప్పనిసరి చేయాలా?

గోస్తనీ_గట్టు: చేయాలనే నా వాదన. భవన నిర్మాణ కార్మికుల 1998 కేంద్ర రూల్స్ సేఫ్టీ ఆఫీసర్ని అడిగింది 500 మంది పనిచేసే చోటే. భీమవరంలో ముప్ఫై మంది ఉన్న అపార్ట్‌మెంట్ సైటుకి మేస్త్రీయే ఆఫీసరు. అమెరికాలో ఓషా (అక్కడి కార్మిక భద్రత సంస్థ) 30 గంటల కోర్సులో 2017 నుంచి దీనికి రెండున్నర గంటల పాఠం ఉంది. చెప్పిన మాటని కూలీ చేత తిరిగి చెప్పించడం అందులో ఒక భాగం. మనవాళ్లు ‘ఊ’ అంటే చాలనుకుంటారు.

సెంట్రింగ్_బాబ్జీ: ట్రైనింగంటే ఏసీ హాలు, స్లైడ్లు, బిర్యానీ, ఫొటో. మన నేలకి ఆ పుస్తకాలు పనికిరావండి.

పాలకొల్లు_రాడ్‌బెండింగ్: బిర్యానీ ఏ ఊళ్లోనండీ? మాకు టీ కూడా పొయ్యలేదు.

గోస్తనీ_గట్టు: పుస్తకంలో తప్పేముంది? తవ్వకాల భద్రత కోడ్ ఐఎస్ 3764 ప్రకారం గొయ్యి 1.5 మీటర్ల లోతు దాటితే గోడలకి దన్ను పెట్టాలి. తవ్విన మట్టి అంచు నుంచి 1.5 మీటర్లు, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరం పొయ్యాలి.

సెంట్రింగ్_బాబ్జీ: ఆ 1.5 దగ్గరే నా పేచీ. అంటే అయిదడుగులు. మనకి నాలుగడుగులకే ఊట. పైన బంకమన్ను, కింద ఇసుక. ఇంజను పెట్టి తోడితే నీళ్లతో ఇసుకా వచ్చేస్తుంది. పైన గోడ నిటారుగా, గట్టిగా కనిపిస్తుంది, కింద డొల్ల. జేసీబీ వెళ్లాక అడుగు సరిచేసేదీ కడ్డీలు కట్టేదీ మనుషులే. గొంతుక్కూర్చున్నవాడికి నాలుగున్నర అడుగుల గొయ్యి తలకి పైనే. ఘనమీటరు తడి మట్టి రెండు టన్నులకి అటూ ఇటూ. మీ రూలేమో ఇంకా మొదలవలేదు!

గోస్తనీ_గట్టు: అంతకంటే తక్కువైతే క్షేమమని కోడ్ అనలేదు. నేర్పాల్సింది మీరు చెప్పిందే. పైపులో ఇసుక వస్తోందా, అంచు వెంబడి బీట ఉందా చూడాలి. నీళ్లు తోడే గుంట పునాదికి బయట, మూలన తీయాలి. సబ్‌మెర్సిబుల్‌కి కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టి, రోజూ టెస్ట్ బటన్ నొక్కాలి.

కాకినాడ_సివిల్: నిచ్చెన వదిలేశారు. లోతు 1.2 మీటర్లు దాటితే పొడవులో 30 మీటర్లకొకటి, అంచుపైన 90 సెంటీమీటర్లు లేవాలి.

సెంట్రింగ్_బాబ్జీ: ఆయ్, బీట కనిపించింది. మేస్త్రీ ఏం చెయ్యాలి?

గోస్తనీ_గట్టు: పని ఆపి అందర్నీ పైకి పిలవాలి. లీడర్‌షిప్పంటే అదే.

సెంట్రింగ్_బాబ్జీ: పని గుత్తకండీ. ఆపిన పూట కూలి మేస్త్రీ జేబులోంచి పోవాలి. ఇంజను అద్దె తిరుగుతూనే ఉంటుంది, రెడీమిక్స్ లారీ దారిలో ఉంటుంది. రెండుసార్లు ఆపితే మూడో సైటుకి వేరే మేస్త్రీ. రేపు గోడ కూలితే ‘ట్రైనింగిచ్చాం, సంతకం చూడండి’ అంటారు. మీ ఇంజనీర్లకి కావాల్సింది ఆ సంతకమే.

గోస్తనీ_గట్టు: మాట జారకండి. డొల్లని తెలిసీ మనిషిని దింపేవాణ్ణి ఏమనాలి?

సెంట్రింగ్_బాబ్జీ: బయానా తిన్నవాడనాలి. ఏసీలో కూర్చుని అడగడం తేలికే.

గోస్తనీ_గట్టు: సరే, దన్నుకీ, ఆపిన గంటలకీ అగ్రిమెంటులో విడిగా రేటు రాయాలి. అది లేకుండా క్లాసు వృథా అంటే ఒప్పుకుంటాను. రేటు రాసినా బీట గుర్తుపట్టడం ఎవరో నేర్పాలి కదా?

సెంట్రింగ్_బాబ్జీ: బీట మేస్త్రీకి తెలుసు. రేటు రాసేది బిల్డరు. ముందు ఆయన్ని కూర్చోబెట్టండి క్లాసులో.

పాలకొల్లు_రాడ్‌బెండింగ్: ఆ రేటులో పలకలూ సరుగుడు బాదులూ కలుస్తాయా, లేక అవి మళ్లీ మేస్త్రీయే తెచ్చుకోవాలా?