సోలార్ ట్రైనింగ్‌కి 35 వేలు కట్టొచ్చా?

ఒంగోలు_అన్న: మా తమ్ముడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఏడాదిగా ఖాళీగా ఉండాడు, ఇక్కడో ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సోలార్ కోర్సుకి 35 వేలు అడుగుతున్నారు, జాబ్ గ్యారంటీ అంటారు గానీ కాగితం మీద రాసివ్వమంటే మాట మారుస్తున్నారు, అమ్మేమో గాజులు తాకట్టు పెడదాం అంటోంది. నాకు మనసొప్పట్లా. ఏం చేయమంటారు?

కావలి_వైర్‌మ్యాన్: గాజులు బయటికి తీయొద్దు బ్రదర్. సూర్యమిత్ర అనే సోలార్ కోర్సుని కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టింది, 600 గంటలు అంటే దాదాపు మూడు నెలలు, ఫీజు లేదు, హాస్టలు భోజనం కూడా వాళ్లదే. పదో తరగతితో పాటు ఐటీఐ అడుగుతారు, మీవాడికి ఉందిగా. బ్యాచ్ ఎక్కడుందో కనుక్కొనే వెళ్లండి. ఇంకోటి, డీసీ వైరింగ్ (ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ కరెంటు, ఇంట్లోది ఏసీ), ఎర్తింగ్ చేత్తో చేయించే సెంటరేనా అని అడగండి, ఇంటి వైరింగ్ బాగా తెలిసినోడు కూడా డీసీ దగ్గర తడబడతాడు, ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు ఆగదు మరి.

నెల్లూరు_అక్క: ఫ్రీ అంటే సరిపోదబ్బా. మూడు నెలలు పనికి పోకపోతే ఇల్లు గడవని పిలకాయలు ఎంతమంది ఉండారో, మా వీధిలోనే ఒకడు సగంలో వచ్చేశాడు. ఇళ్ల మిద్దెల మీద సోలార్ పెట్టించే కేంద్రం పథకం పీఎం సూర్యఘర్‌కి 75,021 కోట్లు, కోటి ఇళ్లు అన్నారే, ఆ మిద్దెలెక్కి ప్యానెళ్లు బిగించేది ఈ పిలకాయలే కదా, నేర్చుకునే రోజుల్లో వాళ్లకి రోజుకూలి అయినా ఇవ్వాల. ఇక్కడ ప్లాంట్లు పెట్టే కంపెనీలు కూడా అందులో వాటా వేసుకోవాల.

ఒంగోలు_అన్న: థాంక్స్ అక్కా, థాంక్స్ బ్రదర్. అమ్మకి చదివి వినిపించా, గాజులు మళ్లీ బీరువాలో పెట్టింది.