విమానం గాలిలో ఇంజిన్ ఆయిల్ పొగ: పైలట్ల జబ్బులకి ఇదే కారణమా? మా పాపని పంపొచ్చా?

రేణిగుంట నాన్న:
అందరికీ నమస్కారం. మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, పైలట్ ట్రెయినింగ్‌కి పోతానని పట్టు పట్టి కూర్చోనుండాది. మా ఇల్లు ఎయిర్‌పోర్ట్ పక్కనే, చిన్నప్పట్నించీ దిగే విమానాలు చూస్తా పెరిగిన బిడ్డ, ఆ ఇష్టం నాకి తెలుసు, డబ్బులు ఎట్లోకట్ల తిప్పలు పడతాం. కానీ వాళ్ల మేనమామ ఒక మాట చెప్పినాడు, విమానంలో పీల్చే గాలి ఇంజిన్ లోంచే వస్తాదంట, దాంట్లో ఆయిల్ పొగ కలిస్తే పైలట్లకి చేతులు తిమ్మిరి, మతిమరుపు, నరాల జబ్బులు వస్తాయంట, ఏరోటాక్సిక్ సిండ్రోమ్ అంటారంట. ఇంకొకాయన అదంతా ఉత్తదే, రుజువు లేదు అంటాడు. తెలిసినోళ్లు నిజం చెప్పండి, నాకి నిద్ర పట్టడం లేదు.

పాత మెకానిక్:
అన్నా, నేను విమానం ఇంజిన్ల పనిలోనే రిటైరై ఇప్పుడు తిరుపతిలో ఉండా. గాలి ఇంజిన్ లోంచి వచ్చేది నిజమే. ఇంధనం కాలకముందే కంప్రెసర్ దగ్గిర్నించి కొంత గాలి లాగుతారు, బ్లీడ్ ఎయిర్ అంటారు, దాన్ని ప్యాకులనే ఏసీ యంత్రాల్లో చల్లార్చి క్యాబిన్‌లోకి వదుల్తారు. మన రేణిగుంటకి వచ్చే ఏ320 అయినా ఏటీఆర్ అయినా ఇదే పద్ధతి. బేరింగుల దగ్గిర ఆయిల్ బయటికి రాకుండా సీళ్లుంటాయి, ఆ సీలు గాలి ఒత్తిడి మీదే పని చేస్తాది కాబట్టి ఇంజిన్ స్టార్ట్ చేసేటప్పుడు, పవర్ పెంచి తగ్గించేటప్పుడు కొద్దిగా జారే అవకాశం ఉండాది. సీలు అరిగిందంటే మన పొలాల్లో పాత ఆయిలింజన్ రింగులు అరిగితే నీలంపొగ కక్కినట్టే, కాకపోతే ఇక్కడ ఆ పొగ పోయేది మనుషులు కూర్చున్న చోటికి.

హెపా ఫిల్టర్ ఉంది గదా అంటారు చాలామంది. అది క్యాబిన్ లోపల తిరిగే పాత గాలికే, అది కూడా ధూళి, క్రిములు పట్టుకుంటాది గానీ ఆవిరిని పట్టుకోదు. ఇంజిన్ నించి కొత్తగా వచ్చే గాలికి మామూలుగా ఫిల్టరే ఉండదు. వేరే దారి లేక ఇట్ల చేస్తున్నారనుకోవద్దు, పాత బోయింగ్ 707, డీసీ-8 విమానాల్లో క్యాబిన్ గాలికి వేరే కంప్రెసర్లు ఉండేవి, 2011లో సర్వీసుకొచ్చిన బోయింగ్ 787లో కరెంటు కంప్రెసర్లతో బయటి గాలే నేరుగా తీసుకుంటారు.

పీలేరు డాక్టర్:
గాలి ఎట్లా వస్తుందో మెకానిక్ గారు సరిగ్గానే చెప్పారు, కానీ గాలి అట్లా వస్తుంది కాబట్టి జబ్బు వస్తుంది అని చెప్పలేం కదా. బ్రిటన్‌లో క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు 100 ఫ్లైట్లలో గాలి కొలిచి 2011లో రిపోర్ట్ ఇచ్చారు, ఎక్కువ శాంపిళ్లలో ఇంజిన్ ఆయిల్‌లో కలిపే విష రసాయనం దొరకనే లేదు. 2017లో యూరప్ విమాన భద్రతా సంస్థ ఈఏఎస్ఏ చేయించిన స్టడీలో కూడా క్యాబిన్ గాలి మామూలు ఆఫీసుల్లో, ఇళ్లల్లో ఉండే గాలికి తీసిపోదని తేలింది. తలనొప్పి, నీరసం, తిమ్మిర్లు, మతిమరుపు ఇవన్నీ ఏ జబ్బుకైనా వచ్చే లక్షణాలే. రాత్రి డ్యూటీలు, సరిగ్గా లేని నిద్ర, 8000 అడుగుల ఎత్తులో ఉన్నంత పలుచని గాలి, ఒంట్లో నీళ్లు తగ్గడం, ఇవన్నీ పక్కన పెట్టి ఒక్క ఆయిల్ మీదికే తోసేస్తే అసలు జబ్బు కనిపెట్టకుండా పోతాం. నా భయం అదీ.

కెమిస్ట్రీ మేడం:
డాక్టర్ గారూ, ఆ 100 ఫ్లైట్ల సంగతి పూర్తిగా చెప్పాలి కదండీ. ఆ ఫ్లైట్లలో ఫార్మల్‌గా రిపోర్ట్ రాయాల్సినంత ఫ్యూమ్ ఈవెంట్, అంటే క్యాబిన్‌లోకి పొగ, ఆవిరి వచ్చిన ఘటన, ఒక్కటి కూడా జరగలేదు, అంటే అంతా మామూలుగా ఉన్న రోజు గాలి కొలిచారు. గొడవంతా ఆయిల్ లీకైన రోజు గురించి కదా, ఆ రోజు గాలిలో ఏముందో ఆ స్టడీ ఎట్లా చెప్తుంది.

ఇంక ఆ రసాయనం పేరు ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్, టీసీపీ. ఇంజిన్ భాగాలు అరక్కుండా ఆయిల్‌లో 3 శాతం దాకా కలుపుతారు. దీంట్లో ఆర్థో రకం నరాలకి విషం, దాంట్లో అనుమానమే లేదు. 1930లో అమెరికాలో అల్లం సారాయిలో ఇది కల్తీ చేస్తే వేల మందికి కాళ్లు చచ్చుబడ్డాయి. మన దేశంలోనే 1988లో కలకత్తా బెహాలాలో వంటనూనెలో టీసీపీ కలిసి వందల మంది కాళ్లు చేతులు పడిపోయాయి. కాకపోతే వాళ్లు దాన్ని నేరుగా తిన్నారు, విమానంలో ఉండేది గాలిలో మైక్రోగ్రాముల లెక్క, పైగా ఇప్పటి ఆయిల్స్‌లో ఆర్థో రకం బాగా తగ్గించేశారు. కాబట్టి బెహాలా చూపించి విమానంలో కూడా అంతే అని నేను అనను. కానీ ఆయిల్ బాగా వేడెక్కి విరిగితే టీసీపీ ఒక్కటే కాదు, కార్బన్ మోనాక్సైడ్, ఇంకా ఎన్నో ఆవిర్లు కలిసి వస్తాయి. ఒక్క రసాయనం దొరకలేదని గాలి మొత్తం మంచిదే అని సర్టిఫికెట్ ఇచ్చేయడం నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

చంద్రగిరి అమ్మాయి:
నేను క్యాబిన్ క్రూగా చేసి మానేసినదాన్ని, ఏ ఎయిర్‌లైన్ అనేది చెప్పను. ఆయిల్ పొగ కలిస్తే మాసిపోయిన సాక్సుల వాసన వస్తాదంటారే, అది నేను చూసినా. టేకాఫ్ అయినాక వెనక గ్యాలీలో, అంటే విమానం వంటగది దగ్గిర, గుప్పుమనింది, కళ్లు మండినాయి, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, దిగేసరికి ఒక సీట్ నంబర్ రెండోసారి చెప్పమంటే గుర్తు రాలేదు నాకి. సీనియర్‌ని అడిగితే ఇది మామూలేలే అనింది. మరుసటి రోజు సాయంత్రం ఆస్పత్రికి పోతే రక్తం తీసినారు, అంతా నార్మల్ అన్నారు. నార్మల్ కాక ఏమొస్తాది సార్? రక్తంలో ఎక్కిన కార్బన్ మోనాక్సైడ్ మామూలు గాలి పీల్చుకుంటా ఉంటే నాలుగైదు గంటలకే సగం అయిపోతాదని తర్వాత చదువుకున్నా, అంటే మరుసటి రోజుకి ఏమీ మిగలదు. ఏ టెస్ట్ చేయాలో వాళ్లకి తెలీదు, ఏమి అడగాలో నాకి తెలీదు.

పైలట్ల పరిస్థితి ఇంకా కష్టం. ఏడాదేడాదీ క్లాస్ వన్ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష పాస్ కావాల, తిమ్మిరి, మతిమరుపు అని కాగితం మీద రాసిన రోజే లైసెన్స్ మీదికి వస్తాదని భయం, అప్పులు చేసి చదువుకున్న పిల్లోళ్లు ఎవరు రాస్తారు. రాయకపోతే లెక్కల్లోకి రాదు, లెక్కల్లో లేదు కాబట్టి సమస్యే లేదంటారు. 2010 డిసెంబర్‌లో జర్మనీలో కొలోన్‌లో దిగబోతా ఉన్న విమానంలో ఇట్లే వాసనొచ్చి ఇద్దరు పైలట్లూ స్పృహ తప్పేంత పనయింది, ఆక్సిజన్ మాస్కులు పెట్టుకుని దించినారు. వాళ్లకి అనిపించింది కూడా నిద్రలేమేనా డాక్టర్ గారూ? ఆస్ట్రేలియాలో 1992లో పొగ పీల్చిన ఒక క్యాబిన్ క్రూ ఆమె పోరాడి పోరాడి 2010లో హైకోర్ట్ దాకా గెలిచింది.

పీలేరు డాక్టర్:
అమ్మా, మీకు జరిగింది అబద్ధం అని నేను అనట్లేదు. పొగ పీలిస్తే అప్పటికప్పుడు ఒంటికి దెబ్బ తగులుతుంది, దాన్ని ఎవరూ కాదనరు. ఆస్ట్రేలియా కేసులో ఆమెకి వచ్చింది తగ్గని దగ్గు, ఊపిరితిత్తుల సమస్య, నరాల జబ్బు కాదు. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి పీలిస్తే మెదడు దెబ్బ తింటుందా అనే దగ్గరే రుజువు చాలలేదు, 2013లో రసాయనాల విషప్రభావం గురించి బ్రిటన్ ప్రభుత్వానికి సలహా ఇచ్చే టాక్సిసిటీ కమిటీ చెప్పింది కూడా అదే.

పాత మెకానిక్:
రుజువు యాడ నించి వస్తాది డాక్టర్ గారూ? ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడికి మీటరుంటాది, వేడికి మీటరుంటాది, వైబ్రేషన్‌కి మీటరుంటాది. పీల్చే గాలిలో ఆయిల్ ఉండాదా లేదా చెప్పే సెన్సర్ మామూలు విమానంలో ఒక్కటీ ఉండదు, క్రూ ముక్కే సెన్సర్. 2015లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐసీఏఓ వాళ్లు ఫ్యూమ్స్ గురించి సర్క్యులర్ 344 ఇచ్చినారు, క్రూకి ట్రెయినింగ్ ఇవ్వండి, రిపోర్ట్ ఎట్ల రాయాలో నేర్పండి అని. అంటే వాళ్లకీ తెలుసు గదా. ముందు సెన్సర్ పెట్టండి, దిగిన వెంటనే రక్తం తీసే ఏర్పాటు చేయండి, కొన్నేళ్లు లెక్క రాయండి, అప్పుడు జబ్బు లేదంటే నేనే మొదట ఒప్పుకుంటా. కొలవకుండా లేదనే మాట మాత్రం ఒప్పుకోను.

పీలేరు డాక్టర్:
సెన్సర్ పెట్టాలనే మాటకి నేను అడ్డం లేను. కొలిచినాక వచ్చే జవాబు ఏదైనా సరే. కానీ అంతవరకూ పేషెంట్‌కి ఇది విషమే అని పేరు పెట్టి పంపించను.

రేణిగుంట నాన్న:
అందరికీ చేతులెత్తి దండం పెడతా ఉండా. ఇప్పుడు నాకి ఒక్కటే చెప్పండి, ట్రెయినింగ్‌లో నడిపే చిన్న విమానాల్లో కూడా ఇట్లే ఉంటాదా?

పాత మెకానిక్:
ఉండదన్నా. సెస్నా 172 లాంటి వాటికి జెట్ ఇంజిన్ లేదు, ప్రెషర్ క్యాబిన్ లేదు, బ్లీడ్ ఎయిరే లేదు. అక్కడ వేరే ప్రమాదం ఉండాది. హీటర్ వేడి సైలెన్సర్ చుట్టూ తిరిగే గాలి నించి తీసుకుంటారు, సైలెన్సర్ పగులు ఇచ్చిందంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తాది, దానికి వాసన కూడా ఉండదు. 2019లో ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా చనిపోయినాడే, ఒంటి ఇంజిన్ పిస్టన్ విమానం, ఆయన రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ 58 శాతం పట్టి ఉన్నట్టు తేలింది. స్కూల్ చూడను పోయినప్పుడు ఫీజు కంటే ముందు రెండు అడుగు: విమానంలో మోగే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) డిటెక్టర్ ఉండాదా, ఎగ్జాస్ట్ ఎప్పుడు చెక్ చేసినారు. వాళ్ల దగ్గిర లేకపోతే పాప బ్యాగులో పెట్టుకునే చిన్నది ఒకటి కొనిపెట్టు, మోగేది కొనన్నా, రంగు మారే అట్ట బిళ్ల వద్దు, నడిపేటప్పుడు దాన్ని ఎవరూ చూడరు.

చంద్రగిరి అమ్మాయి:
అన్నా, పాప పెద్ద విమానాలకి పోయినాక ఇంకొకటి చెప్పండి. వాసనొచ్చిన రోజు తేదీ, విమానం నంబర్, టైము, ఎవరెవరు ఉండారు, అన్నీ ఆ రోజే రాసి పెట్టుకోమనండి. దిగినాక ఇంటికి పోకుండా నేరుగా ఆస్పత్రికి పోయి, రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత పట్టిందో చెప్పే కార్బాక్సీ హిమోగ్లోబిన్ టెస్ట్ అని పేరు పెట్టి అడగమనండి. నేను ఈ రెండూ చేయలేదు, అందుకే నా దగ్గిర ఇప్పుడు ఒక్క కాగితం కూడా లేదు.