"కలహారంభము నీటిగట్టున పుట్టు ఊట": ఈ వాక్యాన్ని ఏటిగట్టు మీద నిలబడి చదివితే

బైబిల్లోని సామెతలు 17:14 మీద మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. వాక్యం ఇదీ: "కలహారంభము నీటిగట్టున పుట్టు ఊట, వివాదము అధికము కాకమునుపే దాని విడిచిపెట్టుము."

మాటతీరు గురించి చర్చిల్లో ఎక్కువగా వినపడేది 15:1, "మృదువైన మాట క్రోధమును చల్లార్చును". సండే స్కూల్ పిల్లలకి కూడా అది నోటికొచ్చు. 17:14 జోలికి మాత్రం ఎవరూ పెద్దగా వెళ్లరు. గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవాళ్లకి సామెతల గ్రంథంలో ఇంతకన్నా దగ్గరి వాక్యం లేదని నా నమ్మకం. ఆ మాట పుట్టిన యూదయ దేశంలో నీళ్లకి కరువు. వాన నీటిని తొట్లలోనూ కోనేళ్లలోనూ దాచుకుని ఏడాదంతా వాడుకునే మనుషులు వాళ్లు. అక్కడ గట్టు తెగితే నీళ్లు పోతాయి. ఇక్కడ ఊరు పోతుంది.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది పడిందంటే లంకల్లో, అంటే ఏటి మధ్య దీవుల్లో, సామాను సర్దుకోవడం మొదలవుతుంది. గట్టు కింది ఊళ్లలో కుర్రాళ్లు టార్చిలైట్లు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరుగుతారు. వరద చూడ్డానికి వచ్చినవాళ్లు ఏటివైపు చూస్తారు, కాపలా తిరిగేవాళ్లు ఊరివైపు చూస్తారు. గట్టు అడుగున, గడ్డి మొదళ్లలో, ఎక్కడైనా తడి కనపడుతోందా అని. పందికొక్కు తవ్విన బొరియో, ఎండ్రకాయ కన్నమో, కుళ్లిపోయిన చెట్టువేరో చాలు, అవతలి నీటి బరువుకి ఇవతల ఊట పుడుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గట్లు చాలాచోట్ల తెగాయి. ఆ రోజులు చూసిన పెద్దవాళ్లు ఎవరింట్లో ఉన్నా అడగండి, ముందు నీళ్లు ఏ వైపు నుంచి కనపడ్డాయో చెబుతారు.

గట్టు కాపలా తెలిసినవాళ్లు చెప్పే ఇంకో సంగతి ఉంది. నా మటుకు ఈ వాక్యం అర్థమంతా అక్కడే ఉంది. ఊట కనపడగానే కంగారు పడరు. ముందు దాని రంగు చూస్తారు. వరదలో గోదారి ఎర్రగా పారుతున్నా, గట్టు మట్టిలోంచి వడకట్టుకుని వచ్చే ఊట తేటగా ఉంటుంది. తేటగా ఉన్నంతసేపూ భయం లేదు, ఒక మనిషిని అక్కడ కాపలా పెడితే సరిపోతుంది. ఆ నీళ్లు మట్టిరంగుకి తిరిగాయంటే మాత్రం గట్టు లోపల మట్టి కొట్టుకుపోతోందన్నమాట. ఇక ఊరంతటినీ లేపాల్సిందే.

మాటామాటా పెరగడం కూడా అచ్చం ఇలాగే జరుగుతుంది. మా వైపు దాళ్వాలో (రెండో పంటకి), నీళ్లు వంతులవారీగా ఇచ్చే రోజుల్లో, ఒకే సంఘానికి చెందిన ఇద్దరు రైతులు బోదె (చేలకి నీళ్లు పారే చిన్న కాలువ) దగ్గర గొడవపడ్డారు. వరసకి బావలు. "ఏం బావా, రాత్రి మా చేలోకి చుక్క రాలేదు, పైన అడ్డు కట్టారా ఏంటి?" "నా వంతు నేను పెట్టుకున్నాను." "నీ వంతు సాయంత్రంతో అయిపోయిందిగా?" "కరెంటు పోయి మోటారు ఆగింది, అందుకే ఇంకాసేపు ఉంచాను." ఇంతవరకూ ఊట తేటగానే ఉంది. గొంతులు లేచాయి గానీ మాట నీళ్ల మీదే నడిచింది. అప్పుడొచ్చింది ఆ మాట: "మీ నాన్న దగ్గర్నుంచీ మీకు పక్కోడి నీళ్లంటేనే రుచి." ఆ నాన్న చనిపోయి ఏడాది కూడా కాలేదు. ఆ క్షణం నుంచి నీళ్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వాళ్లిద్దరూ ప్రభువు బల్ల దగ్గరికి ఒకే వరసలో రావడం మానేశారు.

"అధికము" కావడమంటే గొంతు పెద్దది కావడం అని చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. తగువు విషయాన్ని వదిలేసి మనిషిని పట్టుకున్నప్పుడు వివాదం అధికమవుతుంది. "నీ పని బాలేదు" అన్న మాట "నీ బుద్ధే అంత" అయిపోతుంది. ఆ తర్వాత "మీ ఇంట్లో అందరూ అంతే", ఇంకా కిందికి జారితే "మీ కులమే అంత". ఈ ఆఖరి మాట మన చర్చి అరుగుల మీద కూడా వినపడుతుందని అందరికీ తెలుసు, ఎవరూ బయటికి అనరు. క్రీస్తు శరీరంలో అవయవాలమని పాడి బయటికొచ్చి ఆ మాట అనే నోటికి, యాకోబు మూడో అధ్యాయం రాసిపెట్టి ఉంది: "నీటిబుగ్గలో ఒక్క జెలనుండియే తియ్యని నీరును చేదు నీరును ఊరునా?" జెల అన్నా ఊటే, చూడండి.

ఇక "విడిచిపెట్టుము" అన్న మాట. దీన్ని నోరు మూసుకోమనే సలహాగా, ముఖ్యంగా కోడళ్లకీ కూలీలకీ చెప్పే సలహాగా వాడుతుంటారు. అది నాకు బాధ కలిగిస్తుంది. వాక్యం విడిచిపెట్టమన్నది కలహాన్ని, న్యాయాన్ని కాదు. గట్టు పని తెలిసినవాళ్లు ఊటకి అడ్డంగా మట్టి కుక్కరు. కుక్కితే అది పక్కన ఇంకోచోట పొడుచుకొస్తుంది. దాని చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీళ్లు నిలబడనిస్తారు. నిలిచిన నీళ్ల బరువు అవతలి ఒత్తిడికి ఎదురు నిలబడుతుంది, మట్టి కొట్టుకుపోవడం ఆగుతుంది. ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా అడ్డం పడకుండా వినడం ఆ బస్తాలు పేర్చే పనే. "వినుటకు వేగిరపడువాడును, మాటలాడుటకు నిదానించువాడును" అని యాకోబు చెప్పిన వరస కూడా అదే.

ఆ బావల సంగతి చెప్పి తీరాలి. సంఘ పెద్ద ఒకాయన ఇద్దరినీ చర్చికి పిలిచి పంచాయితీ పెట్టలేదు. సాయంత్రం ఒక్కొక్కరి చేలోకి విడివిడిగా వెళ్లాడు. నష్టపోయినతను చనిపోయిన తండ్రి మాటా, పాత సరిహద్దు తగాదా, అన్నీ తవ్వి పోస్తుంటే ఆయన అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "నీకు ఎన్ని గంటల నీళ్లు తగ్గాయి?" ఆరు గంటలన్నాడు. "రేపు నా వంతులోంచి ఆరు గంటలు పెట్టుకో." అంతే. గొడవ మళ్లీ నీళ్ల దగ్గరికొచ్చింది, తేటపడింది. తండ్రిని అన్న మాటకి క్షమాపణ తర్వాత వేరే రోజు జరిగింది, ఆ ఇంట్లో, ఆ తల్లి ఎదుట. ఆ పెద్దాయన మత్తయి 18:15 పేరెత్తలేదు గానీ, చేసింది దాని దారిలోని పనే: "నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు". తప్పు చెప్పాలి. నలుగురిలో కాకుండా ముందు ఒంటరిగా చెప్పాలి. ఇప్పుడు సంఘం వాట్సాప్ గ్రూపులో మూడొందల మంది చూస్తుండగా "కొందరు కానుకల లెక్క చెప్పడం లేదు" అని పెట్టేవాళ్లు ఈ వాక్యాన్ని ఒకసారి తీసి చదువుకుంటే మేలు.

జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న కాటికిజంలో (విశ్వాస పాఠాల పుస్తకంలో) "అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞకి ఒక వివరణ ఉంది. లూథరన్లకి అది ఎనిమిదో ఆజ్ఞ, బాప్టిస్టులకీ మరికొందరికీ తొమ్మిదోది. పొరుగువాడి గురించి అబద్ధం చెప్పొద్దు, గుట్టు రట్టు చేయొద్దు, చెడ్డపేరు తేవొద్దు అని చెప్పి లూథర్ అక్కడ ఆగడు. అతని పక్షాన మాట్లాడాలి, అతని గురించి మంచి చెప్పాలి, అతను చేసినదానికి వీలైనంత మంచి అర్థం తీయాలి అంటాడు. కన్ఫర్మేషన్ క్లాసులో, అంటే సంఘంలో విశ్వాసాన్ని ఒప్పుకునే ముందు పిల్లలకి జరిగే పాఠాల్లో, బట్టీపట్టి అప్పజెప్పే ముక్క ఇది. బోదె దగ్గర "మోటారు ఆగిందట, అందుకే ఉంచుకున్నాడేమో" అనుకోగలగడమే ఆ మంచి అర్థం. కారణం ఎదురుగానే ఉంది, చెప్పాడు కూడా. వినలేదు, అంతే.

కింద వచ్చిన ప్రశ్నల్లో రెండింటికి ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ఒక సభ్యురాలు అడిగారు: "అండీ, వెటకారం లేకపోతే మన గోదావరి మాటే లేదు కదా. బైబిలు ప్రకారం అది కూడా తప్పేనా? ఏలీయా బయలు ప్రవక్తలను ఎగతాళి చేశాడు కదా?"

మంచి ప్రశ్నమ్మా. మొదటి రాజులు 18లో ఏలీయా ప్రవక్త, బయలు అనే దేవతను కొలిచే ప్రవక్తలను ఎగతాళి చేసిన మాట నిజం. మీ దేవుడు నిద్రపోతున్నాడేమో, ప్రయాణంలో ఉన్నాడేమో, గట్టిగా పిలవండి అన్నాడు. అయితే అవతల నాలుగు వందల యాభై మంది, వాళ్ల వెనక రాజు అండ. ఇవతల ఒక్కడు. మనం వెటకారం ఎవరి మీద చేస్తాం? ఎక్కువగా తిరిగి అనలేనివాళ్ల మీద. కొత్తగా వచ్చిన కోడలి వంట మీద, నత్తిగా మాట్లాడే కుర్రాడి మీద. అతను నొచ్చుకుంటే "సరదాకి అన్నానెహె" అంటాం. సామెతలు 26లో, పొరుగువాణ్ని మోసపుచ్చి నవ్వులాటకు చేశానని చెప్పేవాణ్ని కొరవులు విసిరే వెర్రివాడి పక్కన నిలబెట్టారు. ఇద్దరూ సమానులుగా నవ్వుకునే వెటకారం మీద నాకేం అభ్యంతరం లేదు, అది మన ఇళ్లకి అందం. నవ్వేది ఒక్కడే అయితే అది ఊటే, రంగు చూసుకోవాలి.

ఇంకొకరు అడిగారు: "కౌలుకిచ్చినాయన అన్యాయంగా మాట్లాడినా మృదువుగానే ఉండాలంటారా?"

మృదువుగా ఉండండి, వదిలేయకండి. యోహాను 18:23 చూడండి. ప్రధానయాజకుడి ముందు బంట్రౌతు ఒకడు యేసును చెంపమీద కొట్టాడు. ఆయన తిట్టలేదు, మౌనంగానూ ఉండలేదు: "నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము, మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు?" కొట్టినవాణ్ని కాని మాట ఏదో చూపించమన్నాడు. జవాబు చెప్పాల్సిన పని వాడిదే అయింది. మీరు కూడా ఆయన్ని అలాగే అడగొచ్చు: "నేను ఎన్ని బస్తాలు బాకీ ఉన్నానో లెక్క చూపించండి."

పౌలుకి అదే పరిస్థితి వచ్చినప్పుడు ముందు నోరు జారింది. అపొస్తలుల కార్యములు 23లో తనను కొట్టమన్నవాణ్ని "సున్నము కొట్టిన గోడా" అన్నాడు. అతను ప్రధానయాజకుడని పక్కవాళ్లు చెప్పాక, అధికారిని నిందింపకూడదన్న వాక్యం తానే ఎత్తి చెప్పి తగ్గాడు. తన మీద మోపిన నేరం విషయంలో మాత్రం తగ్గలేదు. రెండు అధ్యాయాల తర్వాత కైసరు ఎదుటే చెప్పుకొంటానని ఆ కేసును రోమా దాకా తీసుకెళ్లాడు.