‘వియ్’ అంటే మేమా, మనమా?

ఒక అనువాదం దగ్గర బండి ఆగిపోయింది. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన (1776 జులై 4) రెండో పేరా ‘వియ్ హోల్డ్ దీజ్ ట్రూత్స్’ అని మొదలవుతుంది. మనుషులంతా పుట్టుకతో సమానులే, దీనికి రుజువు అక్కర్లేదు అనే వాక్యం. ఇంగ్లీషులో ‘వియ్’ ఒక్కటే, మనకు రెండు. ‘మేము’ రాయనా, ‘మనం’ రాయనా?

*

‘మేము’ అనే రాయమ్మా. వినేవాణ్ణి కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఆ ప్రకటన ఇంగ్లండు రాజు మీద లోకానికి పెట్టుకున్న ఫిర్యాదు. సంతకాలు చేసినవాళ్ళు రాజునూ లోకాన్నీ కలుపుకొని ‘మనం’ అనరు గదా. మన రాజ్యాంగ పీఠికలో ఉన్నదీ మేమే.

*

మాస్టారూ, వ్యాకరణం సరే. ఆ ‘మేము’లో ఎవరున్నారు? ప్రకటన రాసిన జెఫర్సన్‌కి జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా బానిసలు. చిత్తుప్రతిలో బానిస వ్యాపారం పాపమంతా రాజు నెత్తిన రుద్దుతూ ఒక పేరా పెడితే, ప్రకటనను ఆమోదించిన సభ అదీ కొట్టేసింది.

1787 నాటి అమెరికా రాజ్యాంగం ఇంకా గడుసుది. బానిస అనే మాటే ఉండదు. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చేటప్పుడు స్వతంత్రులను పూర్తిగానూ, ‘మిగతా వ్యక్తుల’ను అయిదింట మూడు వంతులుగానూ లెక్కించమంటుంది. ఆ ‘మిగతా’ ఎవరో అందరికీ తెలుసు! ‘బానిసత్వం’ అనే మాట అందులోకి ఎక్కింది 1865లో, దాన్ని రద్దు చేసిన పదమూడో సవరణతో.

ఇంకొకటి. పారిపోయిన బానిసలను తిరిగి అప్పగించాలని చెప్పేచోట ‘హెల్డ్ టు సర్వీస్’ అని ఉంటుంది. దాన్ని ‘సేవకు కట్టుబడిన వ్యక్తి’ అని మాత్రం రాయొద్దు. మాటకు కట్టుబడతాం, అది మన ఇష్టం. వీళ్ళను కట్టేశారు.

*

‘కట్టుబడిన’ అనే రాసుకున్నానండీ, ఇప్పుడే కొట్టేశా. ‘పనికి కట్టేసిన మనిషి’ అంటే మరీ మోటుగా ఉంటుందా?

*

మోటుగానే ఉండనీ అక్కా.

మేము, మనం అంటుంటే ఫ్రెడరిక్ డగ్లస్ గుర్తొచ్చాడు. బానిసగా పుట్టి, 1838లో తప్పించుకున్నాడు. 1852లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో స్వాతంత్ర్య దినం గురించి మాట్లాడమని పిలిస్తే, 4న కాదు, 5న మాట్లాడాడు. ‘తోటి పౌరులారా’ అని పిలుస్తూనే ‘మీ తండ్రులు’, ‘మీ స్వాతంత్ర్యం’ అంటాడు. ‘ఈ జులై నాలుగు మీది, నాది కాదు. మీరు పండగ చేసుకోవచ్చు, నేను ఏడవాలి’ అన్నాడు. ప్రసంగమంతా ఆ ‘మీ’ మీదే నడుస్తుంది. అక్కడ పొరపాటున ‘మన తండ్రులు’ అని పడిందా, అనువాదం పోయినట్టే.

*

అయితే ప్రకటనలో ‘మేము’, డగ్లస్ దగ్గర ‘మీరు’. ఖాయం.

కానీ ఇంకో చిక్కు. ప్రకటన వాక్యంలోని ‘ఆల్ మెన్’కి అందరిలాగే ‘మనుషులంతా’ అని రాశాను. 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల సభలో ఆడవాళ్ళు అదే వాక్యం తీసుకుని ‘మెన్ అండ్ విమెన్’ అని మార్చారు (డగ్లస్ అక్కడా సంతకం చేశాడు). నేను ముందే ‘మనుషులు’ అనేస్తే వాళ్ళు కొత్తగా చేర్చిందేమిటో తెలుగులో కనపడదు. ‘మగవాళ్ళంతా’ అని రాస్తే మాస్టారు ఊరుకుంటారా?