ద్రవ హీలియంలో రేఖ వెడల్పైపోతే కేంద్రక స్పిన్ ఎలా తెలుస్తుంది?

అలిపిరి మెట్లు (తిరుపతి):
పెద్దలకు నమస్కారం. నేను తిరుపతిలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. జపాన్‌లోని రైకెన్ సంస్థ ‘ఒరోచి’ పేరుతో చేపట్టిన ప్రయోగాలపై వచ్చే వారం సెమినార్ ఇవ్వాలి. యాక్సిలరేటరు నుంచి వేగంగా వచ్చే రేడియోధార్మిక ఐసోటోపులను అతిద్రవ హీలియంలో (బాగా చల్లబరిచినప్పుడు జిగట లేకుండా ప్రవహించే ద్రవ హీలియంలో) ఆపి, అక్కడికక్కడే లేజరుతో పరీక్షించి, కేంద్రకపు స్పిన్‌నూ అయస్కాంత భ్రామకాన్నీ కనుక్కోవడం వాటి ఉద్దేశం. నా సందేహం ఇది. వాయువులో రుబీడియం డి1 రేఖ (అది పీల్చుకునే ఒక నిర్దిష్ట రంగు కాంతి) 795 నానోమీటర్ల వద్ద సన్నగా ఉంటుంది; హీలియంలో మాత్రం శోషణ 780 దగ్గరకు జరిగి, అనేక నానోమీటర్ల మేర పరుచుకుంటుంది. రుబీడియం-87లో హైపర్‌ఫైన్ విభజన (కేంద్రక స్పిన్ వల్ల శక్తిస్థాయి చీలడం) 6.83 గిగాహెర్ట్జ్, అంటే లెక్క వేస్తే 0.014 నానోమీటరు మాత్రమే. అంత వెడల్పు రేఖలో ఇంత చిన్న చీలిక ఎలా కనబడుతుంది?

చిత్తూరు మాస్టారు:
బాబూ, మీ లెక్క సరైనదే. ఆ చీలిక ఆ రేఖలో కనబడదు, దాన్ని అక్కడ ఎవరూ వెతకరు కూడా. ముందు రేఖ ఎందుకు వెడల్పవుతుందో చూడండి. రుబీడియం పరమాణువు చివరి ఎలక్ట్రాన్‌కూ హీలియం ఎలక్ట్రాన్లకూ పౌలీ నియమం (రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవు) వల్ల పొసగదు. అందువల్ల హీలియం వెనక్కి జరిగి, పరమాణువు చుట్టూ ఒక బుడగ ఏర్పడుతుంది. కాంతిని పీల్చుకునే క్షణంలో బుడగ పాత పరిమాణంలోనే ఉంటుంది కనుక, ఉబ్బిన ఉత్తేజిత స్థితి ఇరుకున పడి, శోషణకు ఎక్కువ శక్తి అవసరమవుతుంది. తరువాత బుడగ పెరిగి సర్దుకుంటుంది. దాదాపు 28 నానోసెకన్లు గడిచాక వెలువడే కాంతి అందుకే 793 నానోమీటర్ల దగ్గర, వాయువులోని రేఖకు సమీపంగా ఉంటుంది.

ఈ 13 నానోమీటర్ల తేడాయే ప్రయోగానికి ప్రాణం. యాక్సిలరేటరు పుంజంలో పరమాణువులు చాలా తక్కువ. వాటి వెలుగు, చెదిరిపోయిన లేజరు కాంతి ఒకే రంగులో ఉంటే దేన్నీ విడదీయలేము. ఇక్కడైతే ఒక ఫిల్టరు పెట్టి 780ని ఆపి 793ను మాత్రం పోనిస్తే సరిపోతుంది. రేఖ వెడల్పు కావడం వల్ల మరో మేలూ ఉంది: వాయువులో హైపర్‌ఫైన్ స్థాయి ఒక్కొక్కదానికీ లేజరును విడిగా సర్దవలసి వచ్చేది, ఇక్కడ ఒకే లేజరు అన్ని స్థాయిలనూ కదిలిస్తుంది.

పాకాల జంక్షన్:
మాస్టారు చెప్పినదానికి కొనసాగింపు. గాదంకిలో వాతావరణ పరిశోధన కోసం ఆకాశంలోకి పంపే 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరును మా వైపు వాళ్లంతా చూసే ఉంటారు. అక్కడ గాలి అణువులు వెనక్కి చెదరగొట్టే కాంతి అదే రంగులో వస్తుంది కాబట్టి, అది తిరిగి వచ్చిన సమయాన్ని బట్టి ఎత్తును లెక్కిస్తారు. ఇక్కడ వేరుచేసేది సమయం కాదు, రంగు.

ఇక చీలికను కొలిచే పద్ధతిని ద్వంద్వ అనునాదం (లేజరు, మైక్రోవేవ్ రెండింటినీ కలిపి వాడటం) అంటారు. వృత్తాకార ధ్రువిత లేజరు కాంతితో పంపింగ్ చేస్తే (పదేపదే ఉత్తేజపరిస్తే) పరమాణువులన్నీ క్రమంగా ఆ కాంతిని పీల్చుకోలేని ఒకే స్థితికి చేరతాయి, వెలుగు తగ్గిపోతుంది. అప్పుడు మైక్రోవేవ్‌ను పంపి పౌనఃపున్యాన్ని మెల్లగా మారుస్తూ పోతే, హైపర్‌ఫైన్ విలువకు సరిపోయిన చోట పరమాణువులు ఆ స్థితి నుంచి బయటపడి మళ్లీ మెరుస్తాయి. అంటే కొలత ఖచ్చితత్వం మైక్రోవేవ్‌ది. లేజరు పని సాక్ష్యం చెప్పడమే. స్పిన్ కోసం ఇదే విధంగా, బలహీనమైన అయస్కాంత క్షేత్రంలో రేడియో తరంగాలు వాడతారు. రుబీడియం వంటి క్షార లోహాలకు అనునాదం ఒక గౌస్‌కు 2.8/(2ఐ+1) మెగాహెర్ట్జ్, ఇక్కడ ‘ఐ’ కేంద్రక స్పిన్. రుబీడియం-85కు 0.47, రుబీడియం-87కు 0.70, స్పిన్ 2 గల రుబీడియం-84కు 0.56 వస్తాయి. సెమినార్‌లో ఈ మూడింటినీ బోర్డు మీద వేసి చూపండి, అందరికీ అర్థమవుతుంది.

అలిపిరి మెట్లు (తిరుపతి):
ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకొక్క ప్రశ్న: మామూలు ద్రవ హీలియం పనికిరాదా, అతిద్రవమయ్యేలా 2.17 కెల్విన్ కిందికి ఎందుకు దింపాలి? పైగా బుడగ ఎలక్ట్రాన్‌ను నొక్కితే, కొలిచిన హైపర్‌ఫైన్ విలువ కూడా మారదా?

చిత్తూరు మాస్టారు:
4.2 కెల్విన్ దగ్గర హీలియం మరుగుతూ ఉంటుంది. ఆ ఆవిరి బుడగలు లేజరును చెదరగొడతాయి. అతిద్రవం వేడిని ఎంత వేగంగా పంచేస్తుందంటే లోపల ఎక్కడా మరుగు పుట్టదు, గాజులా నిశ్చలంగా ఉంటుంది. దీనికితోడు హీలియం-4 కేంద్రకానికి స్పిన్ లేదు కనుక పరమాణువు స్పిన్ త్వరగా చెడిపోదు. మరో క్షార లోహమైన సీజియంలో అది రెండు సెకన్లకు పైగా నిలుస్తుంది.

మీ రెండో అనుమానమూ నిజమే. ఎలక్ట్రాన్ కేంద్రకానికి దగ్గరవడం వల్ల విలువ శాతం స్థాయిలో పెరుగుతుంది. అయితే బుడగ ఐసోటోపును బట్టి మారదు, ఎలక్ట్రాన్‌ను బట్టి ఏర్పడుతుంది. అందుచేత తెలిసిన ఐసోటోపునూ తెలియనిదాన్నీ ఒకే హీలియంలో కొలిచి నిష్పత్తి తీసుకుంటే ఆ పెరుగుదల దాదాపుగా కొట్టుకుపోతుంది. తెలిసిన భ్రామకం నుంచి తెలియనిది వస్తుంది. ప్రశ్నోత్తరాల్లో మిమ్మల్ని ఎవరైనా దీని మీదే అడుగుతారు, ఒక స్లైడు సిద్ధంగా ఉంచుకోండి.