హెయిసెయి జెనరేషన్స్ ఫరెవర్: 22వ తేదీ లోపు మా వాడికి ఏం చూపించాలి? మీరేం ఆశిస్తున్నారు?

ఎడోగావా_తెలుగమ్మాయి

అందరికీ నమస్తే. ఈ 2018 డిసెంబర్ 22న ఇక్కడ జపాన్‌లో 'కామెన్ రైడర్ హెయిసెయి జెనరేషన్స్ ఫరెవర్' సినిమా విడుదల. కామెన్ రైడర్ అంటే ముసుగు వేసుకుని పోరాడే హీరోల టీవీ సిరీస్‌లు, ఒక్కో సిరీస్‌కి ఒక్కో రైడర్. హెయిసెయి అంటే ఇప్పటి చక్రవర్తి శకం. ఇప్పుడు టీవీలో వస్తున్న జి-ఓ, దానికి ముందు వచ్చిన బిల్డ్ ముందుండి నడిపించే కథ, వెనక మొదటివాడు కూగా నుంచి మొదలుపెట్టి ఇరవై మంది హెయిసెయి రైడర్లూ. నేనుండేది టోక్యోలో నిషికసాయ్ వైపు. రెండో తరగతి చదివే మా అబ్బాయిని తీసుకుని వెళ్తున్నాను. వాడికి తెలిసింది బిల్డ్, జి-ఓ మాత్రమే. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి టీవీ అసాహి పెట్టకపోతే ఇల్లు పీకి పందిరేస్తాడు.

నా ప్రశ్న ఇది. సినిమాకి వెళ్ళే లోపు పాత సిరీస్‌లలో వాడికి ఏవి చూపించాలి? ఒక్కోటి యాభై ఎపిసోడ్లకు అటూ ఇటూ ఉంటుంది, స్కూల్ కూడా ఉంది, అన్నీ కుదరవు.

ఇంకో మాట కూడా అడగాలని ఉంది. ఈ సినిమాలో మీరు ఏం చూడాలనుకుంటున్నారు? నాది చెప్తాను, కాస్త పొడుగే.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో టీవీలో ఓజ్ అనే రైడర్ సిరీస్ వస్తుండేది, 2010-11లో. దాని హీరో హినో ఎయిజి ఒక కర్రకి రేపటి చెడ్డీ కట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషి. ఎవరైనా చెయ్యి చాస్తే అందుకోగలగాలి, అతనికి కావలసింది అంతే. వాడి పక్కన అంక్ అనే రాక్షసుడు. అంక్‌కి సొంతంగా మిగిలింది ఒక కుడిచెయ్యి, దానికి తోడు ఐస్ పుల్లల పిచ్చి. భాష సరిగ్గా రాని రోజుల్లో కూడా వాళ్ళిద్దరి పోట్లాట నాకు పూర్తిగా అర్థమయ్యేది. చివరి ఎపిసోడ్‌లో అంక్ వెళ్ళిపోయాడు. నిరుడు డిసెంబర్ 9న వచ్చిన 'హెయిసెయి జెనరేషన్స్ ఫైనల్'లో వతనబె షూ, మియురా ర్యోసుకె మళ్ళీ అవే పాత్రల్లో ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ కాసేపు హాల్లో పిల్లల కంటే పెద్దవాళ్ళే ఎక్కువ ముక్కు చీదారు. అదే సినిమాలో ఫోర్జ్‌గా ఫుకుషి సోతా, గైమ్‌గా సానో గకు, ఘోస్ట్‌గా నిషిమె షున్ కూడా వచ్చారు. ఆరేడేళ్ళ కింద వదిలేసిన మనుషులు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో తెలిసింది. వేర్వేరు సిరీస్‌ల వాళ్ళని కలిపే క్రాసోవర్ అంటే నాకు అదీ.

2012 ఏప్రిల్‌లో వచ్చిన 'సూపర్ హీరో తైసెన్' గుర్తుందా? ఒక వైపు రైడర్ డికేడ్, ఇంకో వైపు సెంతాయి (పవర్ రేంజర్స్‌కి మూలమైన జట్టు హీరోల సిరీస్) జట్టు గోకైజర్ నాయకుడు కెప్టెన్ మార్వెలస్, రైడర్లందరూ సెంతాయిలందరూ మైదానం నిండా. అంతమందిలో ఎక్కువ మందికి ఒక్క మాట కూడా లేదు. సూట్ వచ్చి, ఒక తన్ను తన్ని, పక్కకి జరిగింది. ఫలానావాడు వచ్చాడని టిక్కు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. ఫరెవర్‌లో ఇరవై మంది అనగానే నాకు భయం వేసింది కూడా అందుకే.

అందరు నటులూ రాలేరని నాకు తెలుసు. రాని వాళ్ళని ఎలా చూపిస్తారన్నదే నా అసలు ఆశ. ముసుగు వేసుకున్నా నడకని బట్టి మనిషిని గుర్తుపట్టగలగాలి. ఈ విషయంలో సూట్ లోపల ఉండి నటించే తకాయివా సెయిజి గారికి మనం చాలా బాకీ ఉన్నాం. కూగా, హిబికి తప్పిస్తే హెయిసెయి ప్రధాన రైడర్ల సూట్లలో ఉన్నది దాదాపు ఆయనే. ఫైజ్‌లో మణికట్టు విదిలించే తీరు, కబుటోలో తొందర లేని నడక, డెన్-ఓలో మోమోతారోస్ అనే ఇమాజిన్ (హీరో శరీరంలోకి దూరే భూతం) భుజాలు ఎగరేసే రౌడీతనం, ఇవన్నీ ఒకే శరీరంలోంచి వచ్చాయంటే నమ్మడం కష్టం. ఇప్పుడు జి-ఓ సూట్‌లోనూ ఆయనే. ట్రైలర్‌లో డెన్-ఓ ఇమాజిన్లు ఉన్నారు. మోమోతారోస్, జి-ఓ ఒకే ఫ్రేములో పక్కపక్కన నిలబడితే ఆయన ఎందులో ఉంటాడు? మిగతా పద్దెనిమిది సూట్లలో ఉండే కుర్రాళ్ళు పాత ఎపిసోడ్లు చూసి, ఎవరి నిలబడే తీరు వాళ్ళకి పెడితే చాలు, డైలాగ్ లేకపోయినా నేను సంతోషంగా ఇంటికి వస్తాను.

ఒక దురాశ కూడా ఉంది. నటుడు సతో తకెరు. డెన్-ఓ హీరో నొగామి ర్యోతారోగా ఆయన్ని తెర మీద చూసి పదేళ్ళు అయింది, 2008 అక్టోబర్‌లో వచ్చిన డెన్-ఓ వీడ్కోలు సినిమాలో. ఇమాజిన్లు వస్తున్నారు, మోమోతారోస్ మాటలు పలికే సెకి తోషిహికో గొంతు వస్తోంది. మరి వాళ్ళు ఎవరి కోసం వస్తున్నట్టు?

బెల్ట్_గుంటూరు

అక్కా, ముందు చూపించాల్సినవి చెప్తాను.

డెన్-ఓ మొదటి రెండు ఎపిసోడ్లు. తర్వాత మిగతా ఇమాజిన్లు ఉరతారోస్, కిన్‌తారోస్, ర్యూతారోస్ ఒక్కొక్కరూ మొదటిసారి డెన్-ఓ రైలెక్కే ఎపిసోడ్లు. పిల్లవాడికి నలుగురి గొంతులూ నలుగురి పొగరూ తెలిస్తే సినిమాలో వాళ్ళు నోరు తెరవగానే నవ్వుతాడు. డబుల్ మొదటి రెండు చూపించండి, ఇద్దరు మనుషులు ఒకే శరీరంలో అన్న సంగతి పిల్లలకి భలే నచ్చుతుంది.

కూగా దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ సిరీస్‌లో గ్రోంగీలనే రాక్షసులు మనుషుల్ని ఆటగా, లెక్క పెట్టుకుంటూ చంపుతారు. రెండో తరగతి పిల్లాడికి మధ్య ఎపిసోడ్లు వద్దు. మొదటి రెండు చాలు. కాలిపోతున్న చర్చిలో హీరో గొదాయి యూసుకె, ఇంక ఎవరి కన్నీళ్ళూ చూడలేనని చెప్పి ఎర్ర కూగాగా మారే చోటు చూపించండి. హెయిసెయి రైడర్లు మొత్తం అక్కడి నుంచే మొదలు. 2000 జనవరి 30న కూగా వచ్చేనాటికి టీవీలో రైడర్ సిరీస్ ఆగిపోయి పదేళ్ళు దాటింది, 1989లో బ్లాక్ ఆర్ఎక్స్ ముగిశాక ఏమీ లేదు. అది ఆడకపోయి ఉంటే మనం ఇవాళ ఇరవై లెక్కపెట్టేవాళ్ళం కాదు.

బిల్డ్ చివరి ఎపిసోడ్ మీ వాడు చూశాడు కాబట్టి సరే. లేకపోతే అదే ముందు చూపించమనేవాడిని. కొత్త ప్రపంచంలో బిల్డ్ హీరో సెంతోని స్నేహితుడు బన్‌జో తప్ప ఎవరూ గుర్తుపట్టరు కదా. గుర్తుపెట్టుకోవడం, మర్చిపోవడం, ఈ సినిమా కథంతా దాని చుట్టూనే తిరిగేలా ఉంది. రైడర్లు నిజంగా ఉన్నారా, ఎవరో అల్లిన కథా అన్నదే ప్రశ్న అని ప్రచారంలో చూపిస్తున్నారు. రాసింది షిమొయమ కెంతో, జి-ఓ టీవీ కథ రాస్తున్నది కూడా ఆయనే కాబట్టి టీవీకీ సినిమాకీ పొంతన ఉంటుందని నా నమ్మకం.

సతో తకెరు విషయంలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు అక్కా. 2010లో చో డెన్-ఓ పేరుతో మే, జూన్‌లలో రెండు వారాలకొకటి చొప్పున మూడు సినిమాలు వేశారు. వాటిలోనే ఆయన లేడు. అప్పటికే రానివాడు, కెన్షిన్ సమురాయ్ సినిమాలతో అంత పెద్ద స్టార్ అయ్యాక ఇప్పుడు వస్తాడా? వచ్చేదుంటే పోస్టర్ మీద ముందు ఆయన మొహమే వేసుకునేవాళ్ళు. లేడనుకుని వెళ్ళండి, ఇమాజిన్లని చూసి ఆనందించండి.

నాకు కావలసింది వేరే. జి-ఓ టీవీలో ఒక నియమం ఉంది. అనదర్ రైడర్ (నకిలీ రైడర్ రాక్షసుడు) పుట్టగానే అసలు రైడర్‌కి శక్తి పోతుంది, చాలాసార్లు జ్ఞాపకం కూడా. ఫైజ్ నుంచి హందా కెంతో, మురకమి కొహెయి పదిహేనేళ్ళ తర్వాత వచ్చి తకుమి, కుసాకాలుగా మళ్ళీ గొడవపడ్డారు, గుండె నిండిపోయింది. కానీ రైడర్‌గా మార్చే బెల్ట్ పెట్టుకోలేదు. సినిమాలోనైనా పాతవాళ్ళు తమ బెల్టుతో, తమ పోజుతో మారాలి. ఆ బెల్టులు కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్న వాడిని, నాకు ఆ శబ్దం వినాలి.

జెటిక్స్_తరం

మీ ఇద్దరితో నేను కొంచెం విభేదిస్తాను. హీరోలందరినీ ఒకేసారి దింపే సినిమాలని మంద అని తీసిపారేయకండి.

నేను దీంట్లోకి వచ్చింది జెటిక్స్ ఛానెల్‌లో తెలుగులో వేసిన పవర్ రేంజర్స్ ఎస్పీడీ వల్ల. దాని అసలు జపాన్ సెంతాయి డెకరేంజర్ అని చాలా ఏళ్ళకి తెలిసింది. ఆ వయసులో నాకు నటుడెవరో, సూట్‌లో ఎవరున్నారో అక్కర్లేదు. వరసగా రంగులు నిలబడాలి, వెనక పేలాలి, అంతే. మీ అబ్బాయి కూడా సినిమా హాల్లో వేళ్ళ మీద ఇరవై లెక్కపెట్టుకుంటాడు. ఆ లెక్క పూర్తవడమే వాడికి పండగ. వాడు అంక్‌ని చూసి ఏడవడు కదా.

మందని బాగా చూపించిన సినిమా కూడా ఉంది. 2011 జూన్ 11న వచ్చిన గోకైజర్, గోసెయిజర్ జట్ల '199 హీరోస్'. మార్చి భూకంపం వల్ల మేలో రావాల్సింది వాయిదా పడి వచ్చింది. అందులో పాత సెంతాయి వాళ్ళు మామూలు మనుషుల్లా, తమ వయసుతో వచ్చి, మామూలు జనంతో రెండు మాటలు మాట్లాడి పోతారు. తర్వాత 199 మంది ఒకేసారి మైదానంలో దిగుతారు. ముందు ఆ రెండు మాటలు ఉన్నాయి కాబట్టే వెనక ఆ మందకి బలం వచ్చింది.

ఒకే మనిషితో మంద చేసిన సినిమా కూడా ఉంది! 2012 జనవరిలో గోకైజర్, ఇంకో పాత హీరో గవాన్ కలిసిన సినిమా. గవాన్ వేసిన ఓబా కెంజి గారు అంతకుముందు సెంతాయి హీరోలు డెంజిబ్లూ, బ్యాటిల్ కెన్యా కూడా వేశారు. ఆ సినిమాలో మూడు పాత్రలూ ఆయనే వేసి, ముగ్గురుగా ఒకే చోట నిలబడ్డారు. అరవైకి దగ్గరగా ఉన్న మనిషి. తమ తారలని ఇంత ప్రేమగా గుర్తుపెట్టుకునే సినిమా పరిశ్రమ అంటే నాకు ప్రాణం.

నాది ఒకే కోరిక. పోరాటం కంప్యూటర్‌లో కాకుండా బయట తీయాలి. తొచిగిలో ఇవాఫునె కొండ క్వారీ ఉంది కదా, ఇన్నేళ్ళుగా అక్కడే పేలుస్తున్నారు. ఇరవై మంది బైకులేసుకుని ఆ మట్టిలోంచి రావాలి. రైడర్ అన్న పేరు పెట్టుకుని ఈమధ్య బైకు ఎక్కడమే తగ్గించేశారు, అది నాకు నిజంగా బాధ.

అన్నట్టు మీరు చూసొచ్చాక కథ మాత్రం రాయొద్దు. ఇక్కడ థియేటర్లలో రాదు, బ్లూరే వచ్చేదాకా మేం ఆగాలి.

దూరదర్శన్_పెద్దాయన

నాకు వీళ్ళలో ఒక్కడూ తెలియదమ్మా. మా రోజుల్లో దూరదర్శన్‌లో జెయింట్ రోబో వచ్చేది, చేతి గడియారంలో మాట్లాడి రోబోని పిలిచే అబ్బాయి. చివర్లో ఆ రోబో పోయినప్పుడు మా వీధిలో పిల్లలందరం ఏడ్చాం. మా మనవడు ఇప్పుడు ఈ రైడర్ల వీడియోలు చూస్తున్నాడు. ఇరవై కథలు తెలియకుండా ఇలాంటి సినిమా చూస్తే ఏమైనా అర్థమవుతుందా?

ఎడోగావా_తెలుగమ్మాయి

పెద్దాయన గారూ, జెయింట్ రోబో తీసింది కూడా తొయెయ్ వాళ్ళేనండి, ఈ రైడర్లని తీస్తున్న సంస్థే. కాబట్టి మీరు మాకంటే ముందే ఈ ఇంట్లోకి వచ్చారు. మనవడితో జి-ఓ మొదటి రెండు ఎపిసోడ్లు చూడండి. భవిష్యత్తులో తను చెడ్డ రాజునవుతానని తెలుసుకున్న కుర్రాడు మంచి రాజునవ్వాలని బయలుదేరతాడు, అంతే కథ. మిగతావాళ్ళు ఎవరో మీ మనవడే చెప్తాడు, చెప్పడం వాళ్ళకి ఇష్టం.

బెల్ట్ తమ్ముడూ, నీ లిస్ట్ రాసుకున్నాను. డెన్-ఓ నిన్న రాత్రే మొదలుపెట్టాం. మోమోతారోస్ ర్యోతారో శరీరంలోకి దూరగానే జుట్టు లేచి నిలబడి, చూపు మారి, గొంతు మారితే మా వాడు నోరు తెరుచుకుని చూశాడు. ఇద్దరూ ఒకే అన్నయ్యేనా అని అడిగాడు. అవునన్నాను. డెన్-ఓ మొదలైనప్పుడు సతోకి ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండలేదు. ఆ వయసులో ఒకే మనిషిగా నిలబడి ఒక పిరికివాడు, ఒక రౌడీ, ఒక మాయగాడు, ఒక వస్తాదు, ఒక చిన్నపిల్లాడు అయిపోయాడు. నీ లెక్క సరైనదే, పోస్టర్ మీద లేడు, రాడనే అనుకోవాలి. అయినా నేను ఆశ వదులుకోను తమ్ముడూ. పోయిన ఏడాది అంక్ వస్తాడని మాత్రం ఎవరు గట్టిగా అన్నారు?

జెటిక్స్ గారూ, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. 199 హీరోస్ విషయంలో మీరు చెప్పింది నిజం, ముందు రెండు మాటలు, తర్వాత మంద. నేను అడుగుతున్నదీ అదే అనిపిస్తోంది. కానీ పిల్లలకి మనిషి అక్కర్లేదు, వరస చాలు అంటే ఒప్పుకోను. మా వాడు సెంతోని జనం మర్చిపోయిన ఎపిసోడ్ చూసి రెండు రోజులు అదే అడిగాడు, బన్‌జోకి మాత్రం ఎందుకు గుర్తుంది అని. వాడికి మనిషే కావాలి. బైకుల విషయంలో మాత్రం నూటికి నూరుపాళ్ళు మీతోనే ఉన్నాను.

వచ్చే ఏప్రిల్ 30న చక్రవర్తి సింహాసనం దిగుతున్నారు, దాంతో హెయిసెయి శకం అయిపోతుంది. ఇక్కడ ఆఫీసులో, బజారులో అందరూ 'హెయిసెయి చివరి శీతాకాలం' అంటూ మాట్లాడుకుంటున్నారు. ఈ సినిమాకి అంత బరువు దాని వల్లే వచ్చింది. ఈ పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ళలో పెరిగిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ళే టికెట్లు కొంటున్నారు. రైడర్లు నిజమా అన్న ప్రశ్న వాళ్ళని ఉద్దేశించే అడుగుతున్నారని నా అనుమానం. దానికి సినిమా దాటవేయకుండా జవాబు చెప్పాలి. అభిమాని పాత్ర ఒకటి పెట్టి, అతనికి ముఖం మీద చెప్పాలి.

డబుల్ గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు. అందులో ఫిలిప్‌గా వేసిన సుదా మసకి ఇప్పుడు జపాన్ అకాడమీ ఉత్తమ నటుడు, అతని జోడీగా వేసిన కిరియమ రెన్ కూడా మంచి బిజీ. ఫిలిప్ రాకపోయినా డబుల్ నిలబడేటప్పుడు కుడి వైపు ఒకలా, ఎడమ వైపు ఒకలా ఉండే ఆ చిన్న తేడా ఉంచితే చాలు నాకు. ఆ తేడా ఉందో లేదో చూసుకోవడం మా వాడికి నేర్పిస్తున్నాను.

22 శనివారం, పొద్దున మొదటి ఆటకే వెళ్తున్నాం. కథ చెప్పను, మాటిస్తున్నాను. బైకులు ఉన్నాయో లేవో మాత్రం ఒక్క ముక్కలో రాస్తాను. హాల్లో అమ్మే సినిమా పుస్తకం ఎవరికైనా కావాలంటే ఈలోపు చెప్పండి, రద్దీ రోజుల్లో అవి మధ్యాహ్నానికే అయిపోతాయి. సంక్రాంతికి విజయవాడ వస్తున్నాను, వచ్చేటప్పుడు తెచ్చిస్తాను.